అక్రోటు మరక

జిల్లా ఆఫీసు నుంచి మూట వచ్చింది.
పదిహేను నిక్కర్లు, పాలనురుగంత తెలుపు.
ఫుట్‌బాల్ పోటీకి ఇవే వేసుకోవాలట.
కాగితం కింద గుండ్రటి ముద్ర, సంతకం.

నేను కుట్టుపనిదాన్ని.
ముప్పై ఏళ్లుగా ఈ కిర్గిజ్ కొండ ఊరి నడుములన్నీ
నా టేపుకు తెలుసు.
ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో
ఎవరికీ చెప్పకుండా కుట్లు విప్పి మళ్లీ వేసినదాన్ని.
అందుకేనేమో బర్చినాయ్ నా దగ్గరికొచ్చింది,
తల్లి దగ్గరికి కాదు, కోచ్ దగ్గరికీ కాదు.

గోల్‌కీపరు. పదమూడేళ్లు.
గడ్డిమోపులు మోసి మోసి గరుకెక్కిన చేతులు,
బంతి వస్తే అతుక్కుపోతుంది.
గడప మీద చీమల్ని చూస్తూ
"సనోబర్ ఖాలా, శనివారం నేను ఆడను" అంది.
"కాలు బెణికిందా?"
"లేదు."
"నాన్న వద్దన్నాడా?"
"బూట్లు కొన్నదే నాన్న."
ఇంకేమీ అనలేదు.
నిక్కరు నా మిషన్ మీద పెట్టి వెళ్లిపోయింది.

మడత విప్పాను.
చిరుగు లేదు, కుట్టు ఊడలేదు.
వెలుతురుకు పట్టి చూస్తే
అవతల నా వేళ్లు ఐదూ కనిపించాయి.
అప్పుడు అర్థమైంది.

సోవియట్ రోజుల్లో మాకూ ఒక వాలీబాల్ జట్టుండేది.
నేను ఎగిరి కొడితే
నెట్ అవతల పిల్లలు కళ్లు మూసుకునేవాళ్లు.
ఒక మే నెలలో, ఆట మధ్యలో, ఎవరో నవ్వారు.
ఒక్కరే. అదీ పెద్దగా కాదు.
స్వెటరు నడుముకు చుట్టుకుని ఇంటికి నడిచాను.
మళ్లీ ఆ సున్నపు గీత దాటలేదు.
అడిగినవాళ్లకు మోకాలు నొప్పి అన్నాను,
ముప్పై ఎనిమిదేళ్లు అదే అన్నాను.
చివరికి మోకాలు కూడా నమ్మేసింది,
చలికాలం నిజంగానే సలుపుతుంది.

మా ఊరి నెత్తిన అక్రోటు అడవి ఉంది.
సెప్టెంబరు కదా, వాకిళ్ల నిండా పచ్చి తొక్కల కుప్పలు.
ఆ రసం అంటిందా,
సబ్బుకు లొంగదు, బూడిదకు లొంగదు.
పాత తోలు రాలి కొత్తది వచ్చేదాకా
చేతులు అలా నల్లగా ఉండాల్సిందే.

పెళ్లి పులావు వండే ఇనపకాగు ఇమ్మని
జుల్ఖుమార్‌ని అడిగాను.
"ఎవరి పెళ్లి?" అంది. చెప్పాను.
కాగుతో పాటు కట్టెలు కూడా మోసుకొచ్చింది.
చీకటి పడేసరికి ఏడుగురమయ్యాం.
నేను పిలిచింది ఒక్కర్నే.

తొక్కలు దంచాం, గుప్పెడు తుప్పుమేకులు వేశాం.
మంట చుట్టూ ఒక్కొక్కరి నొప్పీ బయటికొచ్చింది.
ఈత మానేసినామెకు చెవిపోటట.
గుర్రం దిగినామెకు నడుమట.
నజోకత్ మాత్రం, ఊరంతటికీ ముందు పరిగెత్తిన నజోకత్,
"నాకు సాకు కూడా దొరకలేదు,
ఊరికే ఆగిపోయాను" అంది.
కాసేపు కాగు ఒక్కటే మాట్లాడింది.

శనివారం.
రాత్రి రంగు నిక్కర్లలో పదిహేనుమంది.
జిల్లా నుంచి వచ్చినాయన రూళ్ల పుస్తకం తీశాడు.
"తెలుపు అని రాసుంది" అన్నాడు.
చెడ్డవాడేం కాదు, బస్సులో నలిగొచ్చిన మనిషి.
గీత పక్కన మేం ఏడుగురం టీ గిన్నెలు పట్టుకుని నిలబడ్డాం,
పద్నాలుగు నల్లటి అరచేతులు.
ఆయన అవి చూశాడు.
తర్వాత పుస్తకం పట్టుకున్న తన చేతుల్ని చూసుకున్నాడు.
ఆయన పెరట్లోనూ ఒక చెట్టుంటుంది కదా.
"ఈ ఒక్కసారికి" అన్నాడు.

మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం.
నాలుగోది పడాల్సిందే.
బర్చినాయ్ అడ్డంగా ఎగిరి, బురదలో జారి,
కడుపులో దాచేసింది బంతిని.
లేచి వెనక్కి తిరిగి చూసుకోలేదు.
అది చాలు నాకు.

ఒక బంతి గీత దాటి నా మీదికొచ్చింది.
చేత్తో కొట్టే ఆట కాదది, తెలుసు.
కొట్టేశాను.
పిల్లలంతా ఒక్కసారి నవ్వారు.
ఈసారి నేనూ నవ్వాను.

వచ్చే ఏడూ తెల్ల మూటే వస్తుందట.
జిల్లా ఆఫీసుకు కాగితం రాశాం, జవాబు లేదు.
రానీ.
కాగు ఇంకా జుల్ఖుమార్‌కి తిరిగివ్వలేదు.